గీతకన్నా ముందు పెట్టె

రేడియాలజీలో కొత్తగా చేరినవాళ్ళు కొందరు మా ఇంటికి వచ్చి, "మేడమ్, మీరు అన్నేళ్ళు ఎమ్మారై చూశారు కదండీ, మాకేమైనా చెప్పండి" అంటారు. వాళ్ళకి కాఫీ ఇచ్చి నాలుగు ముక్కలు చెప్పి పంపేదాన్ని. అదే కథ మళ్ళీ మళ్ళీ చెప్పి విసుగెత్తింది. అందుకని రాసేస్తున్నాను. ఇకమీదట వచ్చినవాళ్ళకి కాఫీ మాత్రమే ఇస్తాను.

నేను పాలకొల్లు మనిషిని. రాజమండ్రిలో ఒక ఆసుపత్రి రేడియాలజీ విభాగంలో డాక్టరుగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరయ్యాను. ఎప్పుడు ఏ హోదా ఇచ్చారో గుర్తులేదు, గుర్తున్నా మీకు పనికిరాదు. నా కోపం గురించి మీరు వినే ఉంటారు. అందులో సగం నిజం. మిగతా సగం కూడా నిజమేనని మా టెక్నీషియన్ ప్రసాద్ అంటాడు.

ఈ ఉద్యోగంలో మనం మసక వెలుతురు గదిలో కూర్చుంటాం. చాలాసార్లు రోగి ముఖం కూడా సరిగా చూడం. మనం రాసిన రెండు వాక్యాలు పై అంతస్తుకి వెళ్ళి ఒక మనిషి పుర్రె తెరిపిస్తాయి, లేదా తెరవనివ్వవు. ఆ సంగతి ప్రతి నిమిషం తలుచుకుంటూ కూర్చుంటే ఒక్క రిపోర్టూ రాయలేం. బొత్తిగా మరిచిపోయినవాళ్ళని కూడా చూశాను, వాళ్ళ దగ్గర నేను స్కాన్ చేయించుకోను.

చెరువులో సీసా ముంచినట్టు

మామూలు ఎమ్మారై బొమ్మ ఇస్తుంది. స్పెక్ట్రోస్కోపీ గీత ఇస్తుంది. బొమ్మ మీద అనుమానం ఉన్నచోట మనం ఒక చిన్న పెట్టె గీస్తాం. ఆ పెట్టెలో పడిన మెదడు ముక్కలో ఏ రసాయనం ఎంతుందో మిషన్ ఒక వంకర గీతగా చూపిస్తుంది. గీతలో ఒక్కో శిఖరం ఒక్కో పదార్థానిది. ఎన్.ఏ.ఏ. అనేది బతికున్న నరాల కణాల గుర్తు. కోలిన్ పెరిగితే కణాలు జోరుగా పుడుతున్నాయని. లిపిడ్, అంటే కొవ్వు, లేస్తే అక్కడ కణజాలం చచ్చిపోతోందని. కోలినూ లిపిడూ లేచి ఎన్.ఏ.ఏ. పడిపోతే, అందరికీ ముందు తట్టేది కాన్సరే.

కత్తి పెట్టకుండా మెదడులో రసాయనం తెలుస్తుందంటే వినడానికి మంత్రంలా ఉంటుంది. అయితే ఇందులో ఉన్న చిక్కు భీమవరం వైపు రొయ్యల చెరువులు చేసేవాళ్ళకి చిటికెలో అర్థమవుతుంది. చెరువు నీళ్ళు పరీక్షకి పంపేటప్పుడు సీసా ఎక్కడ ముంచారన్నది ముఖ్యం. గట్టు పక్కన బురదలో ముంచి తెస్తే ల్యాబులో బురదకే రిపోర్టు ఇస్తారు. పెట్టె కూడా అంతే. అది పుర్రె అంచుకి జరిగితే నెత్తి చర్మం కింద ఉండే కొవ్వు గీతలోకి చొరబడుతుంది.

పైగా ఇంకో తంటా ఉంది. నీళ్ళూ కొవ్వూ మిషన్‌కి ఒకే శ్రుతిలో పలకవు. ఆ తేడా వల్ల, మనం తెర మీద గీసిన పెట్టె ఒకచోట ఉంటే కొవ్వుకి సంబంధించిన పెట్టె కాస్త పక్కకి జరిగి ఉంటుంది. చక్కగా మెదడులోనే గీశాం అనుకున్న పెట్టె, కొవ్వు విషయంలో మాత్రం ఒక అంచుతో బయటకి తొంగి చూస్తూ ఉండవచ్చు. అది తెర మీద కనపడదు, మనమే గుర్తు పెట్టుకోవాలి.

రామచంద్రరావు గారు

నాకు ఈ విద్య నేర్పింది మా విభాగాధిపతి రామచంద్రరావు గారు. ఆయన నేర్పే పద్ధతి ఏంటంటే, నేను గీత తెచ్చి తెర మీద పెట్టగానే దాన్ని తన అరచేత్తో మూసేసేవారు. "పెట్టె ఎక్కడ?" అనేవారు. నేను ఇంకా వెతుక్కుంటూ ఉంటే, "గీతకన్నా ముందు పెట్టె చూడమ్మా. గీత ఎటూ పారిపోదు" అనేవారు. చెయ్యి మాత్రం తీసేవారు కాదు. పెట్టె ఎక్కడుందో, దానికి పుర్రె ఎంత దూరమో చెప్పాకే గీత చూడనిచ్చేవారు.

ఆయన మంచి బాసా అని అడిగితే సూటిగా చెప్పలేను. రోగుల ముందే అరిచేవారు. బాగా చేసినప్పుడు ఒక్క మాట అనేవారు కాదు. తన కింద పనిచేసేవాళ్ళ తప్పు మాత్రం ఎప్పుడూ వాళ్ళ నెత్తిన వదిలెయ్యలేదు, బయటి డాక్టర్లు అడిగితే "నా డిపార్టుమెంటు, నన్నడగండి" అనేవారు. అందరికీ ఆయనే నేర్పడం వల్ల ఒక చిక్కొచ్చింది. మా అందరి పెట్టెలూ ఆయన చూసేవారు. ఆయన పెట్టె చూసేవాళ్ళు లేకుండా పోయారు.

ఒంటి మీద ఇనుము

అసలు కథలోకి వెళ్ళేముందు ప్రసాద్ సంగతి చెప్పాలి, ఎందుకంటే అతని అలవాటు కూడా ఈ కథలో ఒక పాత్ర. ఎమ్మారై అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, స్కాన్ లేనప్పుడు కూడా. కాబట్టి లోపలికి వెళ్ళే ప్రతి మనిషినీ గుమ్మం దగ్గర ఆపి "ఒంటి మీద ఇనుము ఏమైనా ఉందా అండీ?" అని అడగాలి. ప్రసాద్ అడిగేవాడు. "లేదండి" అని అందరూ చెప్పేవారు. మొలతాడుకి తాళంచెవి కట్టుకున్న పెద్దమనిషి కూడా "లేదండి బాబూ" అనే చెప్పాడు. ఆయన దృష్టిలో అది తాళంచెవి, ఇనుము కాదు.

ఒకసారి నరసాపురం వైపు నుంచి వచ్చిన ఒకావిడ కొప్పులోంచి ఏదో సన్నటిది గాల్లోకి లేచి, టక్కుమని మిషన్ నోటికి అంటుకుంది. చూస్తే లేసు సూది. చివర చిన్న కొక్కెం ఉంటుంది. అక్కడి ఆడవాళ్ళు లేసు అల్లుతూ మధ్యలో లేవాల్సి వస్తే దాన్ని కొప్పులో గుచ్చుకుంటారు, ఆ తర్వాత అది అక్కడుందన్న సంగతే వాళ్ళకి గుర్తుండదు. అది ఆవిడ కంటికి వేలెడు దూరంలో వెళ్ళింది. అప్పట్నించి ప్రసాద్ ఆ వైపు ఆడవాళ్ళని "ఇనుము ఉందా" అని అడగడం మానేసి, "కొప్పులో లేసు సూది ఉందా అమ్మా" అని అడిగేవాడు. రోగిని అడిగేటప్పుడు వాళ్ళింట్లో ఆ వస్తువుకి ఏ పేరుందో ఆ పేరు పెట్టి అడగండి.

కొప్పుతో ఇంకో ఇబ్బంది ఉంది. తలని పెట్టే గూడు ఇరుకు. వెనక కొప్పు ఉంటే తల ఆనదు. అందుకని ప్రసాద్ ఆడవాళ్ళందరితో, "జుట్టు నడినెత్తిన ముడేసుకోండమ్మా" అనేవాడు. మంచి అలవాటే. నేనూ మెచ్చుకున్నాను.

సుబ్బలక్ష్మి

సుబ్బలక్ష్మిది నరసాపురం దగ్గర పల్లె. చిన్నప్పట్నించీ లేసు అల్లుతోంది. మా దగ్గరికి వచ్చిన ఏడు, అల్లుతూ ఉండగా కుడిచేతి వేళ్ళు వాటంతటవే కొట్టుకోవడం మొదలైంది. మొదట బొటనవేలు, తర్వాత మిగతావి. ఒకరోజు ఆ కుదుపు భుజం దాకా పాకి, మనిషి పడిపోయింది. దగ్గర్లోని టౌనులో తలకి స్కానింగు తీసి, అక్కడి డాక్టరుగారు "తలలో గడ్డ ఉందమ్మా, రాజమండ్రి వెళ్ళండి" అన్నారు. భర్త పొలం పనుల్లో ఉండిపోతే అత్తగారు రత్తమ్మ వెంటబెట్టుకుని వచ్చింది.

మా దగ్గర ఎమ్మారైలో ఎడమవైపు మెదడు పైభాగాన, పుర్రెకి దగ్గర్లో, ఉంగరంలా ఒకటి కనపడింది. చుట్టూ వాపు. అది ఉన్నది సరిగ్గా కుడిచేతిని ఆడించే చోట. స్పెక్ట్రోస్కోపీ రామచంద్రరావు గారే స్వయంగా చేశారు. గీతలో లిపిడ్ శిఖరం ఎత్తుగా లేచింది, కోలిన్ కాస్త పెరిగింది. ఉధృతంగా పెరిగే కాన్సరు కావచ్చని రిపోర్టు రాశారు. మెదడు ఆపరేషన్లు చేసే మూర్తి గారు మర్నాడు పొద్దున్నే థియేటర్ సిద్ధం చెయ్యమన్నారు.

మూర్తి గారు దాచే మనిషి కాదు. సుబ్బలక్ష్మికి ఎదురుగా కూర్చుని చెప్పారు. "తీసేస్తాను. కానీ అది చేతిని ఆడించే చోటే ఉంది. ఆపరేషన్ అయ్యాక కుడిచెయ్యి ఇదివరకట్లా ఆడకపోవచ్చు."

ఆవిడ కాసేపు తన చెయ్యి చూసుకుందట. "తియ్యకపోతేనండీ?"

"ప్రాణానికే ప్రమాదం."

"అయితే తీసెయ్యండి" అని, ఆ చేత్తోనే సంతకం పెట్టింది.

ఆ మధ్యాహ్నం మూర్తి గారు ఆపరేషన్ దారి చూసుకోవడానికి బొమ్మలు సిద్ధం చెయ్యమన్నారు. ఆ పని నాకు పడింది. గీత తెర మీదకి రాగానే అలవాటు కొద్దీ దాన్ని అరచేత్తో మూశాను. పెట్టె చూశాను. పెట్టె పైఅంచు పుర్రెని దాదాపు తాకుతోంది.

చెయ్యి తియ్యలేదు. బొమ్మలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తిప్పాను. నెత్తి చర్మం పైన, అసలేమీ ఉండకూడని చోట, తెల్లగా మందపాటి ముద్ద ఒకటి కనపడింది. జుట్టు ఎమ్మారైలో కనపడదు. ఎంత ఒత్తయిన జుట్టయినా అక్కడ నల్లగానే ఉండాలి. ఆ బొమ్మల్లో తెల్లగా మెరిసేది కొవ్వు. ఈ మనిషి నెత్తి మీద కొవ్వెక్కడిది? లేచి మేడ మీదికి వెళ్ళాను.

గడ్డకి మందు

వార్డు తలుపు తియ్యగానే వాసన కొట్టింది. రత్తమ్మ గారు మంచం పక్కన నిలబడి కోడలి మాడు మీద ఆముదం పోసి మర్దనా చేస్తోంది.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"ఆముదమండి. రోజూ పెడతన్నానండి."

"ఎప్పట్నించి?"

"అక్కడ డాక్టరుగారు గడ్డని చెప్పిన కాణ్ణించండి. మా మనవడికి తొడ మీద గడ్డ లేస్తే ఆముదం రాసి, ఆకు వెచ్చజేసి కట్టానండి. మెత్తబడి పోయింది. ఇదీ గడ్డే కదండీ. లోపలున్నా కాస్త తడి దిగుద్ది కదా అని."

"స్కానింగు రోజు కూడా పెట్టారా?"

"ఆయ్. ఆ రోజు ఇంకాస్త దట్టంగా పట్టించానండి. ఆ మిషన్లో తలకి వేడి చేస్తదని ఎవరో అన్నారు."

"జుట్టు ఎలా ముడేసుకున్నావమ్మా ఆ రోజు?" అని సుబ్బలక్ష్మిని అడిగాను.

"లోపలతను నడినెత్తిన ముడెయ్యమన్నారండి" అంది.

నాకు రత్తమ్మ గారి మీద కోపం రాలేదు. మా మీదే వచ్చింది. మన భాషలో సెగ్గడ్డా గడ్డే, మెదడులో పెరిగే కాన్సరూ గడ్డే. ఒక డాక్టరుగారు ఆ మాట వాడి పంపేశారు. ఆవిడ తనకి తెలిసిన గడ్డకి తనకి తెలిసిన మందు శ్రద్ధగా పెట్టింది. మా ప్రసాద్ ఆ నూనెలో నానిన జుట్టంతా తెచ్చి సరిగ్గా జబ్బు ఉన్నచోటికి పైన ముడి వేయించాడు. మా సారు పెట్టె అంచుకి పెట్టారు. వేరువేరుగా చూస్తే ఎవరి పనీ పెద్ద నేరం కాదు. అన్నీ కలిసి ఒక మనిషి కుడిచేతి దాకా వచ్చాయి.

అందుకే చెబుతున్నాను, రోగులతో గడ్డ అనకండి. ఏముందో తెలిస్తే దాని పేరు చెప్పండి. తెలియకపోతే "ఏదో ఉంది, ఏంటో ఇంకా తెలియలేదు" అనండి. మీ గౌరవానికి ఏమీ లోటు రాదు.

"మళ్ళీ తియ్యి"

రామచంద్రరావు గారి గదికి వెళ్ళే ముందు నడవాలో కాసేపు నిలబడిపోయాను. ఆయనకి ఎదురు చెప్పడం నాకు కొత్త. నిజం చెప్పాలంటే భయం వేసింది.

"సార్, సుబ్బలక్ష్మి గీత ఒకసారి చూడాలండి."

"చూశాను కదా."

"పెట్టె చూడండి సార్."

ఆయన నా వైపు చూసి, తెర వైపు తిరిగారు. నేను ఆముదం సంగతి చెప్పాను.

"నూనె ఒక్కటే అయ్యుండదు" అన్నారు పెట్టె అంచు చూస్తూ. "నెత్తి కొవ్వు కూడా వచ్చి ఉంటుంది. అంచుకి పెట్టేశాను." తర్వాత గీతలో ఇంకో శిఖరం మీద వేలు పెట్టారు. "కానీ కోలిన్ నూనెలో ఉండదు. నెత్తిలో అసలే ఉండదు. ఇది పెరిగింది."

"కొంచెమే కదా సార్."

"కొంచెం పెరిగినా పెరిగినట్టే. కాన్సరు కాదని ఇప్పుడే సంబరపడకు." లేచి నిలబడ్డారు. "మళ్ళీ తియ్యి. బొమ్మలు కూడా ఇంకా పల్చటి ముక్కలుగా తియ్యి. మూర్తితో నేను మాట్లాడతాను."

మూర్తి గారు విసురుగా కిందికి వచ్చారు. "రేపు పొద్దున్న ఆపరేషన్ పెట్టుకుంటే ఇప్పుడు నూనె కథలేంటండీ? సరే, మీకు నూనె అడ్డమైతే, ఆపరేషన్‌కి ఎలాగూ గుండు చేయించాలి. అదేదో ఇప్పుడే చేయించి తీసుకోండి."

ఆ మాటలో తప్పులేదు. అయినా సుబ్బలక్ష్మికి చెబితే ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అవసరమైతే రేపు తీసెయ్యండి డాక్టరుగారూ. అవసరమో కాదో తెలీకుండా వద్దండి."

తలంటడమే మార్గం. రత్తమ్మ గారు ఒప్పుకోలేదు. "ఫిట్సొచ్చే మనిషికి పొద్దుగూకేవేళ తలంటేంటండీ? మీరు చదువుకున్నోళ్ళేనా?" అని నా మీద లేచింది. కోపంలో నాకు సరిజోడు దొరికిందని అప్పుడే అర్థమైంది. నర్సు షాంపూ తెచ్చింది. జిడ్డు కదల్లేదు. చూసి చూసి, "ఆముదం దానికి వదలదండి, కుంకుళ్ళు తెప్పించండి" అని రత్తమ్మ గారే కొంగు బిగించింది. కుంకుడుకాయలు తెప్పించి, వేడినీళ్ళలో రసం తీసి, వార్డు స్నానాలగదిలో కోడలి తల తనే మళ్ళీ మళ్ళీ రుద్దింది. పొడి తువ్వాలు చుట్టి కిందికి తెచ్చేసరికి బయట చీకటి పడుతోంది.

రెండో గీత

నేను మిషన్ ముందు కూర్చున్నాను. రామచంద్రరావు గారు పక్క కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకున్నారు. మూర్తి గారు వెనక నిలబడ్డారు. ప్రసాద్ ఈసారి జుట్టు రెండు పాయలు చేసి చెవుల పక్కకి వదిలాడు. పల్చటి ముక్కల బొమ్మలు ముందు తీశాం, తర్వాత చూద్దామని పక్కన పెట్టాం. పెట్టె చిన్నది చేసి లోపలికి జరిపాను. నెత్తి చర్మం నుంచి వచ్చే సంకేతాన్ని అణచడానికి తెర మీద దాని మీదుగా పట్టీలు గీశాను. పెట్టె చిన్నదైతే గీత బలహీనంగా వస్తుంది, ఎక్కువసేపు పోగు చెయ్యాలి. అంతసేపూ రోగి కదలకూడదు.

గీత సగం పోగైంది. గాజు కిటికీలోంచి చూస్తున్న ప్రసాద్ ఉన్నట్టుండి, "మేడమ్, చెయ్యి" అన్నాడు.

దుప్పటి కింద ఆవిడ కుడిచేతి వేళ్ళు కొట్టుకుంటున్నాయి. ఇంకాసేపు ఆగితే గీత పూర్తవుతుంది. ఆ కుదుపు భుజం దాటి ఒళ్ళంతా పాకితే, ఆ గొట్టంలో ఆవిడ నాలుక కొరుక్కుంటుందో, ఊపిరాడక ఏమవుతుందో తెలియదు. నా వేలు ఆపే బటన్ మీదే ఉంది. ఒక్క క్షణం గీత కోసం ఆశపడ్డాను, అది దాచను.

"బయటకి తియ్యి" అన్నాను.

బల్ల బయటకి వచ్చింది. అందరం లోపలికి పరుగెత్తాం. మూర్తి గారు ఇంజెక్షన్ ఇచ్చారు. కుదుపు మోచేతి దగ్గరే ఆగింది. పోగైన గీత పనికిరాకుండా పోయింది.

"చాలండి. మనిషిని హింస పెట్టకండి. రేపు తెరిచి చూస్తే తెలుస్తుంది" అన్నారు మూర్తి గారు.

ఆయన అన్నది మొండితనం కాదు, దయ. బల్ల మీదున్న సుబ్బలక్ష్మి మత్తుగా కళ్ళు తెరిచి, "అయిపోయిందాండీ?" అంది.

"లేదమ్మా. చెడిపోయింది."

"అయితే మళ్ళీ పెట్టండి. ఈ చెయ్యి నేను పట్టుకుంటాను" అని ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

మూర్తి గారు నిట్టూర్చి సరేనన్నారు. తనే లోపల, ఆవిడ కాళ్ళ దగ్గర నిలబడ్డారు. అంత చప్పుడులోనూ ఆయన చెయ్యి ఆవిడ పాదం మీద ఉండటం కిటికీలోంచి కనపడింది. అంతకుముందు దాకా ఆయన మీద నాకున్న చిరాకు అక్కడితో పోయింది.

గీత వచ్చింది. రామచంద్రరావు గారు చెయ్యి చాపి అరచేత్తో దాన్ని మూశారు.

"పెట్టె?"

"లోపల ఉంది సార్. అన్ని వైపులా పుర్రెకి దూరమే."

చెయ్యి తీశారు. లిపిడ్ శిఖరం ఉండాల్సిన చోట చదునుగా ఉంది. కోలిన్ కొంచెమే పెరిగింది, ఆ మాత్రం వాపు వల్ల కూడా పెరుగుతుంది. ఎన్.ఏ.ఏ. తగ్గింది కానీ నిలబడే ఉంది. ఆయన పల్చటి ముక్కల బొమ్మలు తెప్పించి తిప్పడం మొదలుపెట్టారు. ఒకచోట ఆగారు. ఉంగరం లోపల, గోడకి ఆనుకుని, ఆవగింజంత చుక్క. మొదటిసారి తీసిన మందపాటి ముక్కల మధ్య అది జారిపోయింది.

"పురుగు" అన్నారు. బద్దెపురుగు పిల్ల. దాని గుడ్లు కడగని ఆకుకూరలతోనో మురికి నీళ్ళతోనో కడుపులోకి వెళ్ళి, అక్కడ్నించి మెదడు చేరతాయి. అది చచ్చేటప్పుడు చుట్టూ వాపు వస్తుంది, ఫిట్స్ వస్తాయి. చాలావాటికి మందులు చాలు.

మూర్తి గారి ప్రశ్న

"నూటికి నూరుపాళ్ళు చెప్పగలరా?" అని మూర్తి గారు నన్నే అడిగారు.

"చెప్పలేను."

"కాన్సరైతే, మీరు ఆగమన్న ప్రతి వారం అది పెరుగుతుంది. అప్పుడు చెయ్యే కాదు, మనిషే ఉండదు. ఆ మాట ఎవరు పడతారు?"

జవాబు రామచంద్రరావు గారు చెప్పారు. "నా మొదటి రిపోర్టు తప్పు. పెట్టె తప్పు పెట్టాను. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. రెండో రిపోర్టు కింద కూడా నా సంతకమే ఉంటుంది. ఆ మాట నేను పడతాను."

నర్సులూ ప్రసాదూ అందరూ అక్కడే ఉన్నారు. ఆయన గొంతు తగ్గించలేదు. నాకు ఆయన నేర్పిన వాటిల్లో ఇదే పెద్దదని ఇప్పటికీ అనుకుంటాను. మీలో చాలామంది తెలివైనవాళ్ళు. తెలివి ఉన్నవాళ్ళకి తప్పు ఒప్పుకోవడం మరీ కష్టం, దానికి అలవాటు పడండి.

సుబ్బలక్ష్మికి నేనే చెప్పాను. గడ్డ అన్న మాట వాడలేదు. పురుగు అయి ఉండవచ్చని, మందులు వాడి కొన్ని వారాలకి మళ్ళీ చూస్తామని, మా అంచనా తప్పితే ఆ వారాలు నష్టపోతుందని, ఏదీ దాచకుండా చెప్పాను. ఆవిడ అన్నీ విని, "ఆగుతానండి" అంది.

ఆ వారాలు నాకు ఎలా గడిచాయో చెప్పను. నరసాపురం వైపు నుంచి ఏ ఫోన్ వచ్చినా చేతిలో పని వదిలేసి పరుగెత్తేదాన్ని. రామచంద్రరావు గారు ఏదో పని ఉన్నట్టు నా గదిలోకి వచ్చి, ఫైళ్ళు అటూ ఇటూ జరిపి, వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఆవిడ దగ్గర్నించి ఏమైనా తెలిసిందా?" అనేవారు. తెలియలేదని చెబితే తల ఊపి వెళ్ళిపోయేవారు. ఆయనా నిద్రపోవడం లేదని ముఖం చూస్తేనే తెలిసేది.

మచ్చ

వాళ్ళు వచ్చిన రోజు నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. సుబ్బలక్ష్మి ఒళ్ళు చేసింది. జుట్టు పొడిగా, అల్లిన జడ ముందుకి వేసుకుని ఉంది. "కొప్పులో లేసు సూది ఉందా అమ్మా?" అని ప్రసాద్ అడిగాడు. ఈసారి జడే కదా, ఉండదులే అనుకున్నాను. ఆవిడ కుడిచెయ్యి వెనక్కి పోనిచ్చి, జడ మొదట్లోంచి సూది లాగి అతని ట్రేలో పెట్టింది. బొమ్మ ఇంకా తియ్యలేదు. నేను మాత్రం ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాను.

బొమ్మలు వచ్చాయి. ఉంగరం లేదు. వాపు లేదు. ఒక సన్నటి చుక్క మాత్రం మిగిలింది. రామచంద్రరావు గారు తెర ముందు వంగి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. తర్వాత ఒక్క మాటా అనకుండా తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆయన బాగా చేసినవాళ్ళతో ఏమీ అనరని ముందే చెప్పాను కదా. నాకు ఏడుపొచ్చింది. ప్రసాద్ చూడకుండా తుడుచుకున్నాను.

బయటకి వెళ్ళేసరికి సుబ్బలక్ష్మి బెంచీ మీద కూర్చుని, సంచీలోంచి దారం తీసి లేసు అల్లుతోంది. రత్తమ్మ గారు నన్ను చూసి లేచింది.

"గడ్డ ఉందాండీ?"

"లేదండి. పోయింది. చిన్న మచ్చ మిగిలింది, అంతే. దానివల్ల భయం లేదు."

ఆవిడ రెండు చేతులూ జోడించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"మరి మచ్చకేం రాయమంటారండీ?"

"ఏమీ రాయొద్దు రత్తమ్మ గారూ. ముఖ్యంగా ఆముదం."

సుబ్బలక్ష్మి పకపకా నవ్వింది. నవ్వుతూ మా ఇద్దరి వైపూ చూసింది. అంత నవ్వులోనూ ఆవిడ చేతిలో సూది ఆగలేదు.